సిరా చీకటి తెర మీదికి వచ్చినప్పుడు

క్లుప్తంగా: కామిక్స్, వీడియో గేముల ఆధారంగా తీసిన నోయర్ సినిమాల్లో, అంటే చీకటి నీడల్లో నడిచే నేర కథల్లో, ఒక రూపం స్థిరపడింది. చిక్కటి నలుపు, మెరిసే తెలుపు, ఎక్కడో ఒక ఎర్ర మరక. ఈ రూపం మొదట అలంకారం కోసం పుట్టలేదు. డబ్బు, సిరా, యంత్రబలం చాలని చోట్ల అవసరం కొద్దీ పుట్టింది. ఆ కొరత కథకు ఏ విధంగా ఉపయోగపడిందో గ్రహించిన దర్శకులు మంచి సినిమాలు తీశారు. పైరూపాన్ని మాత్రమే దించుకున్నవారు డబ్బో, పేరో, రెండూనో పోగొట్టుకున్నారు.

ఓటీటీల్లో ఒకే వరసలో కనిపించే కొన్ని ఇంగ్లిషు సినిమాల పోస్టర్లు దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే సినిమావి అనిపిస్తాయి. రాత్రి, తడిసిన రోడ్డు, సగం ముఖం మాత్రమే వెలుగులో ఉన్న మనిషి, నలుపు తెలుపుల మధ్య ఒక్క ఎర్ర గౌను. వీటిలో ‘సిన్ సిటీ’ కామిక్ పుస్తకం నుంచి వచ్చింది. ‘మాక్స్ పేన్’ వీడియో గేము నుంచి వచ్చింది. ‘రోడ్ టు పెర్డిషన్’కు కూడా మూలం బొమ్మల నవలేనని చాలామందికి తెలియదు.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇలాంటి సినిమాలు వెతికి చూసే యువ ప్రేక్షకులు కొద్దిమందే అయినా, వాళ్ల ఫిర్యాదులు రెండు రకాలుగా ఉంటాయి. తెర మీద ఏమీ కనిపించడం లేదన్నది ఒకటి. బొమ్మ అద్భుతంగా ఉంది గానీ సినిమా ఆకట్టుకోలేదన్నది రెండోది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే గందరగోళం వస్తోంది. మొదటిదానికి కారణం ప్రొజెక్టరులోనో ఫోనులోనో ఉంటుంది. రెండోదానికి కారణం ఒక కళను మరో కళలోకి దించే పద్ధతిలో ఉంటుంది. రెండోదాని కథే పెద్దది కాబట్టి ముందు దాన్నే చూడాలి.

కొరతలో పుట్టిన నలుపు

1920లో జర్మనీలో వచ్చిన ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగారి’లో నీడల్ని దీపాలతో పడేయలేదు. చాలాచోట్ల రంగు పూసి గోడల మీద, నేల మీద గీశారు. వంకర ఇళ్లు, కోసుగా సాగిన వీధులు ఆ పాత్రల మనసుల్లోని వంకరను చూపించాయి. నాజీలు అధికారంలోకి వచ్చాక ఆ సంప్రదాయంలో పెరిగిన ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్, బిల్లీ వైల్డర్ వంటివారు అమెరికా చేరారు. 1940ల అమెరికన్ నేర కథలకు వాళ్లు తమ చూపును అరువిచ్చారు. ‘ది మాల్టీస్ ఫాల్కన్’ 1941లో వచ్చింది. 1944లో వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’లో ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ కిటికీ రెక్కల సందుల్లోంచి వచ్చే వెలుగు చారలు కళ్లకు కట్టాలని గాలిలో సన్నటి లోహపు పొడి చల్లించాడు. ఈ ధోరణికి ఫిల్మ్ నోయర్ అన్న పేరు పెట్టింది మాత్రం ఫ్రెంచి విమర్శకులు, 1946లో.

కళాభిరుచి ఎంత ఉన్నా, ఆ చీకటి వెనుక ఖర్చు లెక్క కూడా ఉంది. యుద్ధకాలంలో సెట్ల సామగ్రి మీద ఆంక్షలు వచ్చాయి. పెద్ద సినిమాకు జోడీగా వేసే చిన్న సినిమాలకు బడ్జెట్ అంతంతమాత్రం. గోడ కట్టడానికి డబ్బు లేనప్పుడు గోడ ఉండాల్సిన చోట చీకటి ఉంచి, తలుపు ఉన్న చోట ఒక్క దీపం పెడితే సరిపోయేది. 1955లో వచ్చిన ‘ది బిగ్ కాంబో’లో జాన్ ఆల్టన్ చివరి దృశ్యాన్ని పొగమంచు, ఒక వెలుగు, రెండు మానవాకారాలతో ముగించాడు. అక్కడ సెట్టంటూ దాదాపు ఏమీ లేదు. అయినా ఆ కాలపు సినిమాల్లో అంతగా గుర్తుండిపోయిన దృశ్యాలు తక్కువ.

కామిక్స్‌కు వేరే ఇబ్బంది ఉండేది. దినపత్రికల ముద్రణలో రంగులు కొన్నే, అవీ కాగితం మీద అలుక్కుపోయేవి. అందుకే 1931లో మొదలైన ‘డిక్ ట్రేసీ’ వంటి పత్రికల బొమ్మల కథల్లో గట్టి గీతలు, చదునైన రంగులు వచ్చాయి. గేముల విషయానికి వస్తే 1999 నాటి ‘సైలెంట్ హిల్’ ప్రసిద్ధమైన ఉదాహరణ. దూరాన ఉన్న వీధుల్నీ భవనాల్నీ ఒకేసారి గీసే శక్తి అప్పటి ప్లేస్టేషన్‌కు లేదు. తయారీదారులు ఊరంతా పొగమంచు కప్పారు. యంత్రం చేతకానితనాన్ని దాచడానికి వేసిన ఆ తెరే ఆ గేము భయానికి ప్రాణమైంది.

దీపం, తెర, చీకటి అన్న ఈ మూడింటితో కథ చెప్పడం రాయలసీమకు కొత్తది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపడిన ఊరు. ఒకప్పటి అనంతపురం జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పైకి చూస్తే ఈ కళ నోయర్‌కు దగ్గర చుట్టంలా అనిపిస్తుంది. కానీ పని చేసే తీరు తలకిందులు. మేకతోలును పలుచగా గీకి, రంగులు అద్ది, నగల చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. దీపపు వెలుగు బొమ్మలోంచి దూసుకొచ్చి తెర మీద రంగుల నీడ పడుతుంది. నోయర్‌లో మనిషి వెలుగుకు అడ్డు నిలుస్తాడు. ఇంకో తేడా కూడా ఉంది. తోలుబొమ్మల ప్రేక్షకుడికి రాముడు, రావణుడు ఎవరో ముందే తెలుసు. నోయర్ ప్రేక్షకుడికి చాలాసార్లు హంతకుడు ఎవరో తెలియకూడదు. ఒకచోట వెలుగు పాత్రను గుర్తుపట్టించాలి, మరోచోట చీకటి దాన్ని దాచాలి.

కెమెరాకు దాచడం చేతకాదు

కామిక్ చిత్రకారుడు ఖాళీ కాగితంతో మొదలుపెడతాడు. అతను గీయనిది ఆ లోకంలో లేనట్టే. కెమెరా సంగతి వేరు. దాని ఎదుట ఉన్నదంతా, దర్శకుడికి అక్కరలేని గోడ మేకుతో సహా, బొమ్మలోకి వచ్చేస్తుంది. కాబట్టి కామిక్‌ను సినిమాగా మార్చడంలో అసలు శ్రమ తీసివేతలో ఉంది.

టెలివిజన్ యానిమేషన్‌లో ఈ తీసివేతకు ఒక తెలివైన దారి దొరికింది. 1992లో మొదలైన ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’లో నేపథ్య చిత్రాలను తెల్ల కాగితం బదులు నల్ల కాగితం మీద వేశారు. రాత్రి అక్కడ ముందే ఉంది. చిత్రకారుడు చేయాల్సింది కిటికీ అంచునో, మేఘం కొసనో, వీధి దీపాన్నో బయటికి తేవడమే. మామూలు నటులతో తీసే సినిమాకు అలాంటి నల్ల కాగితం దొరకడానికి ఇంకో 13 ఏళ్లు పట్టింది.

ఫ్రాంక్ మిల్లర్ ‘సిన్ సిటీ’ కామిక్‌ను 1991లో మొదలుపెట్టాడు. అందులో బూడిద రంగుకు దాదాపు చోటు లేదు. నల్ల సిరా ఉంటుంది, సిరా తాకని తెల్ల కాగితం ఉంటుంది, అంతే. ‘రోబోకాప్’ కొనసాగింపులకు రచన చేసి హాలీవుడ్‌తో విసిగిన మిల్లర్ ఆ కథలు సినిమాగా మారడానికి ఇష్టపడలేదు. దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ ముందు ఒక చిన్న ఘట్టాన్ని ప్రయోగంగా తీసి చూపించాకే ఒప్పుకున్నాడు. 2005 నాటి సినిమాకు ఆ ఘట్టమే ఆరంభ దృశ్యమైంది. మిల్లర్ పేరు సహదర్శకుడిగా వేయడానికి అమెరికా దర్శకుల సంఘం నియమాలు అడ్డొచ్చాయి. రోడ్రిగెజ్ ఆ సంఘం సభ్యత్వాన్నే వదులుకున్నాడు.

టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న తన స్టూడియోలో రోడ్రిగెజ్ నటుల్ని ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి డిజిటల్ కెమెరాలతో తీశాడు. చేత్తో కట్టిన సెట్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. మిగతా నగరమంతా తర్వాత కంప్యూటర్‌లో చేరింది. ఒకే దృశ్యంలో కొట్టుకునే మిక్కీ రూర్క్, ఎలైజా వుడ్ చిత్రీకరణ సమయంలో ఒకరినొకరు కలుసుకోనే లేదు. ఆకుపచ్చ తెర ఇక్కడ నల్ల కాగితం పాత్ర పోషించింది. నటుడి చుట్టూ ఏదీ లేదు. ఏది ఉండాలో ఒక్కొక్కటిగా నిర్ణయించి చేర్చారు.

రక్తం సంగతి ఇంకా ఆసక్తికరం. కామిక్‌లో చాలాచోట్ల రక్తం తెల్లగా ఉంటుంది. నల్ల పేజీ మీద సిరా వేయకుండా వదిలిన చోటే రక్తం. సినిమాలో ఆ తెలుపు రావాలంటే మామూలు ఎరుపును మార్చితే చాలదు. ఎరుపు నలుపు తెలుపుల్లోకి మారితే ముదురు బూడిదగా కనిపిస్తుంది. అందుకని అతినీల కాంతిలో మెరిసే ఎర్ర ద్రవాన్ని వాడి, తర్వాత దాన్ని తెలుపు చేశారు. పసుపుపచ్చ చర్మం ఉండే విలన్ పాత్రధారికి నీలం రంగు పూశారు. పసుపు పూస్తే ఆకుపచ్చ తెరతో కలిసిపోయే ప్రమాదం ఉంది. నీలాన్ని ఆ తర్వాత పసుపుగా మార్చారు. కాన్ చిత్రోత్సవం ఆ ఏడాది సాంకేతిక బహుమతిని రోడ్రిగెజ్‌కు ఇచ్చింది. దాదాపు 4 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతటా దాదాపు 16 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఈ విజయానికి బొమ్మతోపాటు గొంతు కూడా కారణం. సినిమా అంతటా పాత్రలు తమలో తాము మాట్లాడుకుంటూనే ఉంటాయి. ప్రతి కథా ఒక మొండి మనిషి తలలోంచి చూసిన లోకం. అతనికి ఏది ముఖ్యమో దానికే రంగు వస్తుంది. ఒక స్త్రీ పెదాలు, ఒక కారు, ఒక విలన్ చర్మం. రంగు ఎక్కడ వేయాలన్నదాన్ని అందం నిర్ణయించలేదు, పాత్ర దృష్టి నిర్ణయించింది.

ఒకే సమస్యకు రెండు జవాబులు

కామిక్‌కు విధేయంగా ఉండాలంటే నలుపు తెలుపే శరణ్యం అనుకుంటే పొరపాటు. వారెన్ బీటీ 1990లో తీసిన ‘డిక్ ట్రేసీ’ పూర్తి రంగుల సినిమా. కాకపోతే ఏడు రంగులకు మించి వాడకూడదని గిరి గీసుకున్నారు. ఎరుపు అంటే ఒకే ఎరుపు, పసుపు అంటే ఒకే పసుపు. కోటు, కారు, గోడ, ఆకాశం అన్నీ ఆ గిరిలోనే ఉండాలి. ఛాయాగ్రాహకుడు విటోరియో స్టొరారో రాత్రి వీధుల్ని ఆ కొన్ని రంగులతోనే వెలిగించాడు. పత్రికల ముద్రణకు ఉన్న పాత పరిమితిని కోట్ల డాలర్ల సినిమా తనంతట తాను నెత్తిన పెట్టుకుంది. కళా దర్శకత్వం, మేకప్, పాట విభాగాల్లో మూడు ఆస్కార్లు వచ్చాయి. కథ మాత్రం పలుచన. దాన్ని ఇప్పుడు చూసేవారు బొమ్మల కోసమే చూస్తారు.

2002లో శామ్ మెండిస్ తీసిన ‘రోడ్ టు పెర్డిషన్’ సరిగ్గా ఎదురు దారిలో వెళ్లింది. మాక్స్ అలన్ కాలిన్స్ రాయగా రిచర్డ్ పియర్స్ రేనర్ గీసిన 1998 నాటి మూలం నలుపు తెలుపు బొమ్మల నవల. సినిమా ఆ గీతల్ని అనుకరించదు. రంగుల్ని చలికాలపు మసకలోకి దించి, ముఖాల్ని టోపీల నీడలో ఉంచి, కామిక్‌లో ఉండే ఇంకో సంగతిని పట్టుకుంది. అది మౌనం. వానలో జరిగే ప్రధాన హత్యల దృశ్యంలో తుపాకుల శబ్దం వినిపించదు. చీకట్లోంచి మెరుపులు మాత్రం వస్తాయి, మనుషులు కూలిపోతారు, సంగీతం సాగుతుంది. కాగితం మీది తుపాకీ పేలదు, దాని చప్పుడు పాఠకుడి తలలోనే ఉంటుంది. ఆ పఠనానుభవాన్ని సినిమా తన పద్ధతిలో మళ్లీ నిర్మించింది. ఛాయాగ్రాహకుడు కాన్రాడ్ హాల్‌కు ఈ సినిమాకే మరణానంతరం ఆస్కార్ దక్కింది. ఈ కోవ సినిమాల్లో అన్నిటికన్నా లోతైనది ఇదే. తెర మీద అన్నిటికన్నా తక్కువ కామిక్‌లా కనిపించేదీ ఇదే.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. విల్ ఐస్నర్ 1940లో సృష్టించిన ‘ది స్పిరిట్’ కామిక్‌ను మిల్లర్ ఒంటరిగా దర్శకత్వం వహించి 2008లో సినిమాగా తెచ్చాడు. ఐస్నర్ బొమ్మల్లో వాన, మెట్లు, మురికివాడలు, పేదల నవ్వు ఉంటాయి. మిల్లర్ వాటి మీద తన నల్ల సిరాను, ఎర్ర టైని తగిలించాడు. బడ్జెట్ దాదాపు 6 కోట్ల డాలర్లు, వసూళ్లు దాదాపు 4 కోట్ల లోపు. 2014లో వచ్చిన ‘సిన్ సిటీ’ రెండో భాగం గతీ అంతే. దాదాపు ఆరున్నర కోట్ల డాలర్లకు 4 కోట్లైనా తిరిగి రాలేదు. తొమ్మిదేళ్ల ఆలస్యంలో ఆ రూపం ప్రకటనల్లోకి, మ్యూజిక్ వీడియోల్లోకి, ఫోను ఫిల్టర్లలోకి పాకి పాతబడింది. పైగా రెండో భాగాన్ని 3డీలో తీశారు. సిరా బొమ్మ బలం దాని చదునుతనంలో ఉంటుంది. దానికి లోతు చేర్చడమంటే మొదటి సినిమా కష్టపడి తీసేసిన దాన్ని తిరిగి తెచ్చి పెట్టడమే.

ఆటగాడి చేతిలోంచి జారినది

గేముల్ని సినిమాలుగా మార్చడంలో చిక్కు వేరుగా ఉంటుంది. చీకటిని ఎంతవరకు వాడాలో గేముకు ఒక హద్దు ఉంది. ఆటగాడికి దారి కనిపించాలి, శత్రువు కనిపించాలి. కాబట్టి గేము తన నోయర్ తనాన్ని వెలుగు నీడల కన్నా మాటలో, గమనంలో దాచుకుంటుంది.

ఫిన్లండ్ సంస్థ రెమెడీ 2001లో విడుదల చేసిన ‘మాక్స్ పేన్’ ఇందుకు మంచి నమూనా. ఇక్కడి ఇంటర్నెట్ సెంటర్లలో, హాస్టల్ గదుల కంప్యూటర్లలో ఆ గేము ఆడిన తరం ఇప్పుడు నలభైలకు దగ్గరపడుతోంది. కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలీసు మంచు తుపానులో న్యూయార్క్ అంతా తిరుగుతాడు. కథా ఘట్టాల్ని కదిలే దృశ్యాలుగా తీయడం ఖరీదైన పని. అందుకని రెమెడీ తన సొంత ఉద్యోగుల్ని, వాళ్ల బంధువుల్ని నిలబెట్టి ఫొటోలు తీసి, వాటికి రంగు పూతల రూపమిచ్చి కామిక్ పేజీలుగా పేర్చింది. కథా రచయిత శామ్ లేక్ ముఖమే మాక్స్ ముఖమైంది. జేమ్స్ మెక్‌కాఫ్రీ గొంతు ఆ పేజీల మీద నడిచింది. అలంకారాలతో బరువెక్కి, కొన్నిసార్లు తనను తానే వెక్కిరించుకునే గొంతు అది. ఆట మధ్యలో కాలాన్ని నెమ్మదింపజేసే మీట ఉంటుంది. బుల్లెట్లు నీళ్లలో ఈదుతున్నట్టు కదులుతుంటే ఆటగాడు మాత్రం మామూలు వేగంతో గురి పెట్టగలడు.

2008లో జాన్ మూర్ దర్శకత్వంలో మార్క్ వాల్‌బర్గ్ నటించిన సినిమా బొమ్మ మీద శ్రద్ధ పెట్టింది. మంచు, బూడిద రంగు ఆకాశం, నిప్పుకణాలు, మత్తుమందు తీసుకున్నవారికి కనిపించే రెక్కల ఆకారాలు, అన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. తీసేసినవి రెండు. గేమును నడిపిన గొంతు సినిమాలో దాదాపు మాయమైంది. ఆ గొంతు యజమాని మెక్‌కాఫ్రీ సినిమాలో ఒక చిన్న పాత్రలో కనిపించి వెళ్తాడు, ఎంపిక ఎంత విచిత్రంగా జరిగిందో చెప్పడానికి అదొక్కటి చాలు. రెండోది, కాలాన్ని నెమ్మదింపజేసే మీట. గేములో అది ఆటగాడి తెగింపు. ఎప్పుడు వాడాలో, ఎంత మిగుల్చుకోవాలో లెక్క వేసుకోవాలి. సినిమాలో అదే దృశ్యం దర్శకుడు నెమ్మదిగా నడిపిన షాటుగా మిగిలింది. ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తాడు, అంతే. తొలి వారం అమెరికాలో అగ్రస్థానంలో నిలిచి, మొత్తం మీద దాదాపు ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు రాబట్టింది కాబట్టి నష్టపోయిందనలేం. విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు.

క్రిస్టోఫ్ గాన్స్ 2006లో తీసిన ‘సైలెంట్ హిల్’ కొంత మెరుగ్గా నెట్టుకొచ్చింది. గేములోని పొగమంచును సినిమా ఉన్నదున్నట్టు తీసుకోలేదు. భూమి కింద గనులు మండుతున్న ఊరి మీద బూడిద రాలుతున్నట్టు చూపి, ఆ మసకకు కథలో ఒక కారణం కల్పించింది. యంత్రపు లోటు పోయిన చోట కథ ఆ ఖాళీని నింపింది. మిగతా సినిమాలో వివరణలు మరీ ఎక్కువయ్యాయన్నది వేరే మాట.

పట్టపగటి నెత్తురు

రాయలసీమ పేరు చెబితే తెలుగు తెరకు వెంటనే గుర్తొచ్చే హింసకూ ఈ సినిమాల హింసకూ పోలిక చూడటం ఉపయోగం. 1999 నాటి ‘సమరసింహారెడ్డి’ తర్వాత వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలకూ ఒక గట్టి దృశ్య వ్యాకరణం ఉంది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, తెల్ల వాహనాల బారు, ఎర్రమట్టి, నడినెత్తిన సూర్యుడు, ఎర్రటి నెత్తురు. 2003 నాటి ‘ఒక్కడు’ తర్వాత కర్నూలు కొండారెడ్డి బురుజు ఆ వ్యాకరణంలో ఒక గుర్తుగా స్థిరపడింది. ఈ ప్రాంతాన్ని అలా ఒకే మూసలో చూపడం మీద ఇక్కడి రచయితలు చాలాకాలంగా అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే.

రంగుల లెక్కలో ఆ సినిమాలు కూడా కామిక్స్‌లాగే రెండు మూడు రంగులతో పని నడుపుతాయి. మరి అవి నోయర్ ఎందుకు కావు? వాటిలో దాచడానికి ఏమీ లేదు. చంపేవాడు పదిమంది ముందు పేరు చెప్పుకుని మరీ చంపుతాడు. వెలుగు ఆ బహిరంగతకు సాక్ష్యం. నోయర్ నేరస్థుడు పక్క గదివాడికి కూడా తెలియకుండా చంపుతాడు, ఆ తర్వాత తన తలలోనే ఊపిరాడక తిరుగుతాడు. ఫ్యాక్షన్ కథను ఉన్నట్టుండి నీలి రంగు రాత్రిలో, కిటికీ చారల నీడలో తీస్తే అది నోయర్ కాదు. ఫ్యాక్షన్ సినిమాకు కరెంటు పోయినట్టు ఉంటుంది.

బొమ్మల కథకూ సినిమాకూ ఒకే ఇంటి పేరు ఉన్న ఉదాహరణ కూడా ఇక్కడిదే. కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ను తెచ్చాడు. వాళ్లిద్దరి విజయా సంస్థే 1951లో ‘పాతాళ భైరవి’ని, 1957లో ‘మాయాబజార్’ను తీసింది. ఆ రెండింటికీ దర్శకుడు తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. శవాన్ని భుజాన వేసుకుని కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మను శంకర్ గీసిన తీరు తెలుగు పాఠకులకు కంఠస్థం. శ్మశానం, రాత్రి, చిక్కుముడి ప్రశ్న, జవాబు చెబితే ఓడిపోయే కథానాయకుడు. నోయర్‌కు కావలసిన ముడిసరుకు అందులో కావలసినంత ఉంది. అయినా ఆ పత్రిక బొమ్మల్ని ఆ సంస్థ సినిమాలు అనుకరించలేదు. బార్ట్లీ నలుపు తెలుపుల్లో పండించింది వెన్నెలను, చీకటిని కాదు. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు చాలామంది మురిసిపోయారు. ఆ వెన్నెలను మాత్రం బూడిద రంగు ఛాయల్లో చూడటమే మేలు.

తెర ఎందుకు మసకగా ఉంటుంది

మొదటి ఫిర్యాదుకు జవాబు సాంకేతికం. డిజిటల్ థియేటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తెర మధ్యలో వెలుగు 14 ఫుట్ లాంబర్టులు, అంటే చదరపు మీటరుకు 48 క్యాండెలాలు ఉండాలి. ప్రొజెక్టరు దీపం వయసు మళ్లే కొద్దీ ఈ వెలుగు తగ్గుతుంది. 3డీ అద్దాలు పెట్టుకుంటే సగానికి పైగా పోతుంది. పాటలు, పోరాటాలు పట్టపగలు జరిగే సినిమాకు ఈ తగ్గుదల పెద్దగా తెలియదు. 2022 నాటి ‘ది బ్యాట్‌మన్’ వంటి సినిమాలో ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్ చీకటి అంచుల్లోనే సమాచారం పెట్టాడు. అక్కడ కాస్త వెలుగు తగ్గినా ముఖం, గోడ, కోటు ఒకే ముద్దగా కలిసిపోతాయి. హాల్లో తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తెర మీద పడే వెలుగు మిగిలిన నలుపును బూడిద చేస్తుంది.

ఇంటి తెరల మీద ఇబ్బంది మరోలా ఉంటుంది. ఇంటర్నెట్‌లో వచ్చే వీడియోను కుదించేటప్పుడు కంటికి అంతగా ఆనదన్న లెక్కతో చీకటి భాగాల వివరాన్ని ఎక్కువగా కోస్తారు. ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే ఉండే మామూలు వీడియోలో అడుగున ఉన్న నలుపులకు దక్కే మెట్లు మరీ కొన్ని. అందుకే నున్నగా పరుచుకోవలసిన నీడ చారలు చారలుగా విడిపోతుంది. ఓఎల్ఈడీ తెరలో నల్ల చుక్క పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి అక్కడ నలుపు నలుపుగా ఉంటుంది. మామూలు ఎల్‌సీడీలో వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురం బస్సు కిటికీ పక్కన కూర్చుని ఫోనులో ఈ సినిమా చూసేవారికి ఏ తెరా సాయం చేయలేదు.

ఫిల్టరు చాలదు

ఈ ధోరణి ప్రభావం ఇక్కడి లఘుచిత్రాల మీద అప్పుడే కనిపిస్తోంది. నేర కథ అనగానే రంగుల్లో తీసి చివర్లో నలుపు తెలుపు ఫిల్టరు వేయడం వాడుకైంది. ఫలితం చాలాసార్లు ఉప్పులేని బూడిద రంగు. ఎర్ర చీర, ఆకుపచ్చ గోడ కంటికి ఎంత వేరుగా ఉన్నా వెలుగు స్థాయి ఒకటే అయితే నలుపు తెలుపుల్లో రెండూ ఒకే ఛాయకు చేరతాయి. 2017లో ‘లోగన్’ సినిమాను నలుపు తెలుపుల్లో మళ్లీ విడుదల చేసినప్పుడు రంగును ఆపేసి ఊరుకోలేదు. షాటు షాటుకూ వెలుగు నీడల్ని తిరిగి సరిచేశారు.

ఇంకో అడ్డంకి సున్నం వేసిన తెల్ల గోడలు. చిన్న గదిలో ఒక్క దీపం పెట్టినా గోడలూ పైకప్పూ ఆ వెలుగును తిరిగి విసిరి నీడల్ని నింపేస్తాయి. కడప నల్లరాయి పరిచిన నేల ఇందుకు భిన్నంగా వెలుగును మింగుతుంది. గోడలకు ముదురు దుప్పట్లు వేలాడదీసి, కిటికీ చువ్వల బయట ఒకే గట్టి దీపం పెడితే ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వని నీడ దొరుకుతుంది. అయితే ఆ నీడలో ఎవరు, దేన్ని, ఎవరి నుంచి దాస్తున్నారో కథకు ముందే తెలిసి ఉండాలి.

గేముల వైపు నుంచి రాబోయే చిక్కు దీనికన్నా కఠినం. 2011లో వచ్చిన ‘ఎల్.ఎ. నోయర్’లో నటుల ముఖాల్ని 32 కెమెరాలతో చిత్రించి గేములోకి ఎక్కించారు. ఆటను నలుపు తెలుపుల్లో ఆడే వీలూ కల్పించారు. కథ 1947 నాటి లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. సాక్షి కళ్లు తిప్పాడా, గుటక మింగాడా చూసి, అతని మాట నిజమా, అనుమానించదగినదా, పచ్చి అబద్ధమా అన్నది ఆటగాడు తేల్చుకోవాలి. గేము అంతా ఆ ఒక్క నిర్ణయం మీదే నిలబడింది. దీన్ని సినిమాగా మారిస్తే ఆ నిర్ణయం తెర మీది డిటెక్టివ్ చేతికి పోతుంది. ప్రేక్షకుడికి ఆ కాలపు వీధులు, టోపీలు, కార్లు మాత్రం మిగులుతాయి. అవి కావాలనుకునేవారికి 1947లోనే తీసిన సినిమాలు ఉండనే ఉన్నాయి.